అగ్గిపెట్టె

హనుమకొండ డిపోల నా ఫోనుకొక పేరుంది:
అగ్గిపెట్టె.
పెట్టింది డ్రైవర్ ఓదెలు.
"కొమురమ్మా, నీ అగ్గిపెట్టె మోగుతంది" అంటడు గేరు మార్సుకుంట.
ఆయన ఫోను మాత్రం స్టీరింగు పక్కన
పెండ్లి ఫొటో లెక్క నిలబడి ఉంటది.

పొద్దుగాల ఐదున్నరకు ఏటూరునాగారం బండి.
ములుగు రోడ్డు దాటకముందే
నిలబడ్డోళ్ల మీద నిలబడ్డోళ్లు.
ఎడమ చేతిల టిక్కెట్ల మిషను,
కుడి మోచెయ్యి కడ్డీకి మెలేసి,
జీరో టికెట్లు కొట్టుకుంట, ఆధార్ కార్డులు చూసుకుంట
ఎనుకకు పోతాంటే
నాకు నాదని మిగిలేది
ఒక బొటనవేలు.

ఆ వేలికి
ఈ మూల నుంచి ఆ మూల దాకా అందుతది నా ఫోను.
పైన గంట, కింద నంబర్లు,
నడుమ ఇంటి నుంచి వచ్చిన ఒక్క ముక్క:
"నల్లా వచ్చింది, పట్టిన."
సాలు.
రైక సందుల దోపుకుంటే
ఉన్నదో లేదో నాకే యాదికుండదు.

మొన్న చౌరస్తాల కొత్త దుకాణం పిలగాడు
పలక లాంటిదొకటి చేతిల పెట్టిండు.
"సినిమా హాలే అక్కా, చూడు."
నేను టికెట్లు కొట్టేదాన్ని బిడ్డా,
సినిమా చూసేదాన్నా?
రెండు చేతులు కలిపి పట్టుకున్న.
ఫోనుకు శనార్తి పెట్టినట్టయింది.
సిగ్గేసి ఇచ్చేసిన.

ఇగ బండిల చూడాలె.
మల్లంపల్లి కాడ ఎక్కినాయన ఫోన్ల
ఎవరో బాకీ అడుగుతున్నరు.
గా అక్షరాలు నాలుగు సీట్ల ఎనుకకు అవుపడతయి.
ఇచ్చినోడు ఎవడో ఎవలకు తెల్వది,
ఎగ్గొట్టినోడెవడో
జాకారం వచ్చేసరికి బస్సంత తెలిసింది.

నా దాంట్ల నా ముచ్చట
నాకే సక్కగ అవుపడది.
అబద్ధమెందుకు చెప్పాలె,
అక్షరాలు చీమలు.
అద్దాలు ముక్కు మీదికి దించి,
మల్ల ఎత్తి, మల్ల దించి చదువుత.
తిరుగు ట్రిప్పుల గోవిందరావుపేట రాకముందే
పాణం ఇడుస్తది.
అయినా మంచిదే అనుకుంట,
అలిసిపోయేది నేనొక్కదాన్నే కాదని.

ఆషాఢంల బ్యాటరీ పూరీ లెక్క ఉబ్బింది.
మండిబజార్ల యాకూబ్ పాషా
గోటితోని మూత లేపి, సూసి,
"అక్కా, గీ సైజు ఇగ రాదు.
చేసేటోళ్లే మానుకున్నరు" అన్నడు.
"చిన్నగ చేస్తే వాళ్లదేం పోతది?"
"చిన్నదైతే పని చూసుకొని జేబుల పెట్టుకుంటరు గదా.
గంటలు గంటలు ఎవలు చూస్తరు?
గదే పోయేది."

చచ్చిన ఫోన్లున్న బిస్కెట్ డబ్బా బోర్లిచ్చిండు.
ఏరిండు, కొలిసిండు, కాదన్నడు, మల్ల ఏరిండు.
ఆఖరికి ఎవలిదో తెచ్చి
నా దాంట్ల బిగిచ్చిండు,
కూలిన ఇంటి తలుపు తెచ్చి
కొత్త గడపకు పెట్టినట్టు.

మూడు వందల యాభై అన్నడు.
ఐదు వందల నోటిచ్చిన.
గల్లపెట్టె గుంజి చూసిండు.
పక్క దుకాణంల అడిగిండు.
అట్టముక్క చింపి
నూట యాభై అని రాసి, సుట్టూ గీత గీసి
నా చేతిల పెట్టిండు.

ఇరవై రెండేండ్ల సంది
టికెట్ ఎనుక గట్లనే రాసిచ్చిన చెయ్యి ఇది.
"దిగేటప్పుడు తీసుకో" అని కసురుకున్న నోరు ఇది.
తీసుకోకుంట దిగిపోయినోళ్లు
ఎందరో ఇయ్యాల గుర్తుకొచ్చిండ్రు,
ఆత్మకూరు కాడ పాలక్యాను ముసలాయన మరీ.

చీటీ ఫోను కవర్ల మడిచి పెట్టిన.
అడగపోలే.
బ్యాటరీ మల్ల ఉబ్బకపోతదా,
అప్పుడు చూసుకుందాం.

తెల్లారి అదే బండి.
ములుగు రోడ్డు కాడ ఒక పోరడు ఎక్కిండు,
ఒక చేతిల పలకంత ఫోను,
ఇంకో చేతిల ఐదు వందల నోటు,
పట్టుకోనీకి చెయ్యి లేక
ప్రతి కుదుపుకూ నా మీద పడుకుంట:
"జాకారం ఒకటి."

"చిల్లర లేదా బిడ్డా?" అన్న.